ముస్రత్ చూసిన ఇత్తడి బిళ్ళ

ఆదోనిలో ముస్రత్ అని పేరు పెట్టి అడిగితే ఎవరూ వెంటనే చెప్పలేరు. "ఆడోళ్ళ ఫోటోలు తీసే ఆమె" అంటే మాత్రం పత్తి మార్కెట్టు దగ్గర టీ కాచే మనిషి కూడా సందు చూపిస్తాడు. టైలరు కొట్టుకూ మిరపకాయల మండీకీ మధ్య ఇరుక్కున్న స్టూడియో అది. మండీలో బస్తాలు విప్పిన రోజున పాస్‌పోర్టు ఫోటోకు కూర్చున్నవాళ్ళు తుమ్ము ఆపుకోలేక నానా అవస్థ పడతారు. బోర్డు మీద ఇప్పటికీ ఆమె భర్త అబ్బాస్ అలీ పేరే ఉంది. మార్చమని ఆయనే ఒకటి రెండుసార్లు అన్నాడు. "పేరు ఎవరిదైతే ఏమి, పని నడుస్తాంది గదా" అని ఆమె ఊరుకుంది.

దేవనకొండ నుంచి పెళ్ళయి వచ్చేనాటికి ముస్రత్ కెమెరాను చేత్తో తాకి ఎరగదు. స్టూడియో వెనక చీకటి గదిలో భర్త పని చేసుకుంటుంటే ఒకరోజు టీ ఇవ్వడానికి వెళ్ళింది. ఎర్ర బల్బు వెలుగుతోంది. తొట్టిలో మందు నీళ్ళు. ఆయన అందులో ఒక తెల్ల కాగితం వేసి మెల్లగా ఊపుతున్నాడు. చూస్తుండగానే కాగితం మీద మసకగా ఒక గడ్డం, తర్వాత తలగుడ్డ, ఆ తర్వాత రెండు కళ్ళు తేలాయి. ఎవరో గోనెగండ్ల రైతు, బ్యాంకు పని మీద తీయించుకున్న ఫోటో. నీళ్ళ అడుగు నుంచి మనిషి లేచి వస్తున్నట్టు అనిపించి ముస్రత్ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఇంగొకటి ఎయ్యండి," అంది చివరికి.

ఆ టీ చల్లారిపోయింది. మర్నాటి నుంచి ఆమె పిలవకుండానే చీకటి గదిలోకి వచ్చేది.

కెమెరా చేతికి వచ్చింది మాత్రం మద్దికెరలో, ఒక పెళ్ళిలో. ఆడవాళ్ళు కూర్చున్న గదిలోకి ఫోటోలకని మగవాడు రాకూడదని పెళ్ళికొడుకు తరఫు పెద్దలు పట్టుబట్టారు. ఫోటోలు లేకపోతే ఎలా అని పెళ్ళికూతురి తల్లి అంతకంటే గట్టిగా పట్టుబట్టింది. గడపకు ఇవతల అబ్బాస్ అలీ. అవతల చుట్టాల మధ్య, విందుకని వెంట వచ్చిన ముస్రత్. ఆయన పరదా పక్కకు జరిపి కెమెరా లోపలికి అందించాడు.

"ఈ రింగు తిప్పితే మొగం తేటగా అగుపడతాది. తేటగా అయినంక ఇది నొక్కు. అంతే. భయపడాకు."

రీలు కడిగి చూస్తే సగం ఫోటోల్లో తలలు లేవు. కొన్నింటిలో పైకప్పు తప్ప ఏమీ లేదు. ఒకదాంట్లో మాత్రం పెళ్ళికూతురు గాజులు తొడిగించుకుంటూ, నొప్పికి మొహం చిట్లించబోయి నవ్వేసింది. అబ్బాస్ అలీ ఆ ఫోటోను చాలాసేపు చూశాడు.

"ఇది నాకు దొరికేది కాదు," అన్నాడు.

ఆ మాటతో మొదలైంది. ఆదోని, ఎమ్మిగనూరు, చుట్టుపక్కల ఊళ్ళలో ఏ ఇంట్లో నిఖా జరిగినా ఆడవాళ్ళ వైపు ముస్రతే. అమ్మ పెళ్ళికి తీసిన ఆమే కూతురి పెళ్ళికీ వచ్చి నిలబడేది. రీళ్ళు పోయాయి. చీకటి గదిలో ఆల్బమ్ అట్టలు పేర్చుకున్నారు. అబ్బాస్ అలీకి చేతులు వణకడం మొదలయ్యాక కెమెరాలన్నీ ఆమెవే అయ్యాయి. ఆయన ముందు గదిలో కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడుతుంటే, ఆమె వెనక కంప్యూటరు ముందు కూర్చునేది.

అక్కడ పని ఒకటే. "మొటిమల మచ్చలు తీసెయ్యమ్మా, రంగు రవ్వంత తెల్లగా సెయ్యి" అని ప్రతి తల్లీ అడిగేది. ముస్రత్ ఒక్కో చెంపా తుడుస్తూ పోయేది. మచ్చలన్నీ పోయాక మొహాలన్నీ ఒకే పిండితో ఒత్తిన రొట్టెల్లా కనిపించేవి. చేతినిండా పెళ్ళిళ్ళు ఉన్నాయి, మంచి పేరుంది, ఎవరితోనూ మాట పడలేదు. అయినా ఫోటో తీసి తిరిగి చూసుకోవాలన్న కోరిక ఎప్పుడో పోయింది. ఆ పోయిన సంగతి కూడా ఆమెకు తెలియదు.

ఈమధ్య పెళ్ళిళ్ళలో ఉంగరాలను దగ్గరగా తీసిన ఫోటోలు అందరూ అడుగుతున్నారు. అందుకని బెంగళూరులో ఎవరో వాడిన లెన్సు ఒకటి తెప్పించుకుంది. చీమ మీసాలు లెక్కపెట్టగలిగేంత దగ్గరగా చూపిస్తుంది. ఉంగరాలకూ గోరింటాకుకూ తప్ప దాన్ని ఇంక దేనికీ వాడలేదు.

పోయిన షాబాన్ నెలలో, రంజాన్ ఉపవాసాలు దగ్గర పడుతున్న రోజుల్లో, ఎమ్మిగనూరులో హుమేరా అనే అమ్మాయి పెళ్ళికి వెళ్ళింది. ఒకప్పుడు మగ్గాలకు నూలు రంగులు అద్దిన ఇల్లు అది. ఇంటి వెనక రాతి తొట్లు ఇప్పటికీ నీలంగానే ఉన్నాయి. హుమేరా తండ్రి సమీర్ జాకెట్టు గుడ్డల వ్యాపారి. సమీర్ తల్లి హసీనాను ఆ వీధిలో అందరూ ఖాలా అని పిలుస్తారు, అంటే పిన్నమ్మ అని. ముస్రత్ కూడా అలాగే పిలిచేది. ఇళ్ళలో ఉర్దూ, గడప దాటితే తెలుగు, మాట మధ్యలో రెండూ కలిసిపోయే మనుషులు.

పెళ్ళి బాగా జరిగింది. మర్నాడు పొద్దున ఉంగరాల ఫోటోలు కూడా అయిపోయాయి. ముస్రత్ సామాను సర్దుకుని బస్సుకు బయల్దేరబోతుంటే, ఆమెను ఆపా, అంటే అక్క, అని పిలిచే సమీర్ వచ్చి నిలబడ్డాడు.

"ఆపా, ఒక సిన్న పని. అమ్మీ సేమ్యాల మిషన్ ఉండాది గదా, దాని బిళ్ళ పాడైనట్టుంది. ఆదోనిలో ఉచ్చీరప్ప అని లేత్ పని ఆయన కొత్తది సేసిస్తా అన్నాడు. చిల్లులు ఎట్లుండాయో దగ్గరగా ఫోటో తీసి పంపమన్నాడు. నా ఫోన్లో తీస్తే అంతా మసకే."

"బిళ్ళనే ఆయనకు ఇయ్యచ్చు గదా."

"అమ్మీ ఇల్లు దాటనియ్యదు."

హసీనా సేమ్యాల సంగతి ముస్రత్‌కు తెలియనిది కాదు. ఇత్తడి మిషన్ అది. మంచం పట్టెకు మరతో బిగిస్తారు. పైన గరాటు లాంటి నోట్లో పిండిముద్ద పెట్టి పిడి తిప్పితే, ముందున్న చిల్లుల బిళ్ళలోంచి సేమ్యాలు జారతాయి. రంజాన్‌కు ముందు వీధిలో ఆడవాళ్ళంతా పిండి కలుపుకుని గిన్నెలతో ఈ ఇంటికే వచ్చేవాళ్ళు. ఆ సేమ్యాలు తీగల మీద వేస్తే పోగుకు పోగు విడివిడిగా ఆరేవి. పాలలో ఎంత ఉడికినా ముద్ద కాకుండా నిలిచేవి. మిల్లులో పట్టించిన సేమ్యాలకు ఆ గుణం లేదని అందరూ అనేవాళ్ళు. ఖాలా చేతి మహిమ అని కొందరు, ఆ ఇంటి బావినీళ్ళని కొందరు చెప్పుకునేవాళ్ళు. అలాంటిది ఇప్పుడు రెండు పండగలుగా సేమ్యాలు ఆరేటప్పుడే ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. వాటితో కాచే పాల పాయసం, షీర్ ఖుర్మా, గంజిలా అవుతోంది. వీధివాళ్ళు ఏమీ అనలేదు. మెల్లగా అంగట్లో కొనుక్కోవడం మొదలుపెట్టారు.

హసీనా మంచం మీద కూర్చుని ఈ మాటలు వింటోంది.

"బిళ్ళకేమీ కాల్యా బేటీ. నా సేతులు ముసలివైనాయి. పిండి మాట వినడంల్యా," అంది.

"నీ సేతులకేం కాలేదమ్మీ. చిల్లులు అరిగిపోయినాయి," అన్నాడు సమీర్. ఈ వాదన ఆ ఇంట్లో పాతదని ఇద్దరి గొంతుల్లోనూ తెలుస్తోంది.

ముస్రత్‌కు అసలే రెండు రోజుల అలసట. తొందరగా నాలుగు ఫోటోలు తీసిచ్చి బస్సు ఎక్కుదామనుకుంది. సమీర్ మిషన్ ముందున్న మరచుట్టు విప్పి బిళ్ళను బయటికి తీశాడు. అరచేతిలో ఇమిడేంత గుండ్రటి ఇత్తడి బిళ్ళ. హసీనా దాన్ని చింతపండుతో తోమీ తోమీ బంగారంలా ఉంచింది. దాని నిండా రాగి గింజ పట్టేంత చిన్న చిల్లులు.

వాకిలి పక్కన, ఎండ నేరుగా పడకుండా వెలుతురు మాత్రం వచ్చే చోట చాప పరిచింది. ఉంగరాల కింద వేసే నల్ల మఖమలు గుడ్డ మీద బిళ్ళను నిలబెట్టింది. వెలుతురు ఒకవైపు నుంచే రావాలని రెండో వైపు తలుపు మూయించింది. స్టాండు కాళ్ళు పూర్తిగా కిందికి దించి, లెన్సు బిగించి, చాప మీద బోర్లా పడుకుని కన్ను ఆనించింది.

మొదట పసుపు మసక తప్ప ఏమీ లేదు. రింగు కొద్దిగా తిప్పింది. మసకలో నల్లటి మరకలు తేలాయి. ఇంకొంచెం తిప్పింది. ఒక మరకకు అంచు వచ్చింది. అంచు గుండ్రంగా లేదు. లోపలికీ బయటికీ వంపులు తిరిగింది. ఇంకో వెంట్రుకవాసి తిప్పేసరికి ఆమె ఎదుట ఒక పువ్వు నిలబడింది.

అయిదు రేకుల పువ్వు. రేకు రేకుకూ మధ్య సన్నని గీటు.

ముస్రత్ కన్ను తీసి బిళ్ళను చూసింది. చుక్కలాంటి చిల్లు, అంతే. మళ్ళీ కన్ను పెట్టింది. పువ్వు. పక్కదానికి జరిపింది. అదీ పువ్వే. దాని పక్కది, కింది వరసలోది, అంచున ఉన్నది, అన్నీ పువ్వులే. ఊపిరి వదిలితే కెమెరా కదులుతుందని బిగబట్టింది. ఆ బిగబట్టడంలో ఛాతీ నొప్పి పుట్టేదాకా వదలడం మరిచిపోయింది.

"ఏమాయె ఆపా? రావడంల్యానా?" సమీర్ అడిగాడు.

"వస్తాంది," అంది. కన్ను తీయకుండానే చేయి చాపింది. "ఒక స్టీలు తట్ట ఉంటే ఇయ్యి."

తట్టను ఎదురుగా పెట్టి వెలుతురును వెనక్కి కొట్టించింది. కొన్ని రేకుల అంచులు ఒక్కసారి మెరిశాయి. ఆ తర్వాత ఎన్ని తీసిందో ఆమెకే తెలియదు. వీధిలో ఆదోని బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఎండ వాకిట్లోకి వచ్చి ఆమె కాళ్ళ మీద పడింది. లేచేసరికి మోచేతుల మీద చాప అచ్చు దిగి ఉంది.

కెమెరా వెనక ఉన్న చిన్న తెరను హసీనాకు చూపించింది. హసీనా కళ్ళు చిట్లించి చూసి, "పసుప్పచ్చగా ఏందో అగుపడతాంది" అంది. అక్కడ విడమరచి చెప్పాలని ముస్రత్‌కు అనిపించలేదు. ముందు తనే సరిగ్గా చూడాలి.

మర్నాడు తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే స్టూడియో తెరిచింది. ఫోటోలు కంప్యూటరులో వేసి ఒకదాన్ని తెర నిండా పరిచింది. పరిచి, కుర్చీలో వెనక్కి వాలింది.

అది అరచేతి బిళ్ళలా లేదు. నేల ఉంది అక్కడ. రోజూ తోమిన గీతలు నల్లరేగడి చేలో బండ్లు నడిచిన జాడల్లా ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతున్నాయి. అంచున చిలుము నాచులా పాకింది. ఆ నేల నిండా పూలు. కొట్టినవాడి చేయి ఎక్కడ గట్టిగా పడిందో, ఎక్కడ జారిందో కూడా తెలుస్తోంది. ఒక పక్కన నాలుగైదు పూలకు నాలుగే రేకులున్నాయి. వాటి గీటు కూడా మొరటుగా ఉంది. ఎవరో తర్వాతి మనిషి, పాడైన చోట అచ్చం అలాగే చేయాలని చూసి, అంతవరకే చేయగలిగినట్టుంది.

అలవాటు కొద్దీ ఆమె చేయి మచ్చలు తుడిచే పరికరం మీదికి పోయింది. ఒక గీత మీద బాణం గుర్తు పెట్టింది కూడా. పెట్టి ఆగిపోయింది. ఏం తుడవాలి ఇందులో? ఏది తుడిచినా ఒక మనిషి పోతాడు.

అబ్బాస్ అలీ టీ తెచ్చి వెనక నిలబడ్డాడు.

"ఏ ఊరి కోట గోడ ఇది?" అన్నాడు.

"గోడ కాదు. హసీనా ఖాలా సేమ్యాల బిళ్ళ."

ఆయన టీ గ్లాసులు బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు. ఆమె ఒక్కో పువ్వూ దగ్గరికి తెచ్చి చూపిస్తూ పోయింది. మండీ తెరిచారు, మిరప ఘాటు వచ్చింది, ఎవరో ఫోటో కోసం వచ్చి తలుపు పక్కన నిలబడి దగ్గారు. ఇద్దరూ లేవలేదు.

పెద్ద కాగితం మీద ప్రింటు తీసి ఉచ్చీరప్ప దగ్గరికి తీసుకుపోయింది. జిన్నింగు మిల్లుల వైపు ఆయన షెడ్డు. మిల్లు మిషన్లకు కావలసిన ఇనుప సామానంతా ఆయన దగ్గరే తయారవుతుంది. ప్రింటు చుట్ట విప్పబోతుంటే ఆగమని చెప్పి, సబ్బుపొడితో చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుని వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. లేత్ ఆపేశాడు. అంతసేపూ రొదలో ఉన్న షెడ్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

"ఇది యాడిదక్కా?"

"ఎమ్మిగనూరుది. అదే, సమీర్ సెప్పిన బిళ్ళ."

"రంధ్రాలు అరిగినాయి, గుండ్రంగా కొట్టియ్యమన్నాడు. ఇట్లాంటిదని సెప్పల్యా." ఆయన వేలు కాగితానికి తగలకుండా పైపైన పూల మీద తిరిగింది. "ఇది డ్రిల్లుతో అయ్యే పని కాదు. ఉక్కు మొనను ఆకురాయితో అరగదీసి పువ్వు సేసినాడు. ఆ మొనను ఎనక నుంచి పెట్టి సుత్తితో కొట్టినాడు. రాగి గింజంత మొన మీద అయిదు రేకులు. ఏ కన్నుతో సూసినాడో."

కళ్ళజోడు సర్దుకుని, "రేకులన్నీ ఒకపక్కకే వాలినాయి సూడు. ఎడమసేతి వాటం మనిషేమో" అన్నాడు.

పేరు లేదు, ఊరు తెలియదు, ఏ కాలం వాడో తెలియదు. కానీ ఎడమ చేత్తో సుత్తి పట్టుకుని, దీపం పక్కనో కిటికీ పక్కనో కూర్చున్న ఒక మనిషి ముస్రత్‌కు ఎదురుగా ఉన్నట్టే అనిపించింది. ఎవరి కంటికీ కనిపించని పూలు చెక్కినవాడు.

"గుండ్రంగా కావాలంటే రేపే కొట్టిస్తా," అన్నాడు ఉచ్చీరప్ప. "కానీ ఆ సేమ్యాలు ఏరే, ఈ సేమ్యాలు ఏరే. దీంట్లోంచి వచ్చే పోగుకు పక్కలు ఉంటాయి. పక్కలుంటే గాలి ఆడతాది. అందుకే అంటుకోదు."

"మరి ఇప్పుడెందుకు అంటుకుంటాండాయి? అరిగినట్టు నాకైతే అగుపడల్యా."

ఇద్దరూ మళ్ళీ కాగితం మీదికి వంగారు. పొద్దుటి నుంచీ ముస్రత్‌కు ఒకటి కంట్లో నలుసులా ఉంది. తట్ట పెట్టినా అసలు వెలుతురు ఎడమవైపు నుంచే వచ్చింది. అలాంటప్పుడు నీడ ఒక వైపు రేకుల్లోనే పడాలి. చాలా పూలలో అన్ని రేకులూ ఒకేలా నల్లగా ఉన్నాయి. ఇత్తడి అంచుకు ఉండాల్సిన మెరుపు గీత వాటికి లేదు.

"ఇది నీడ కాదన్నా," అంది. "లోపల ఏదో ఉండాది."

ఉచ్చీరప్ప భూతద్దం తెచ్చి చూశాడు. చూసి, తల ఊపాడు.

"పిండి. రాయి మాదిరి గట్టిపడినాది. రేకులు పూడిపోయి నడిమి రంధ్రం ఒకటే మిగిలింది."

ఆ మధ్యాహ్నమే ఆమె ఎమ్మిగనూరు బస్సెక్కింది. కెమెరా సంచీ పక్కన పెట్టుకుని, ప్రింటు చుట్టను ఒళ్ళో పసిబిడ్డలా పట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా పత్తి ఏరిన చేలు వెనక్కి పోతున్నాయి. ఎప్పుడూ కునికిపాట్లు పడే దారి. ఆ రోజు మాత్రం ముందు సీటు రేకుకు పట్టిన తుప్పు దగ్గర నుంచీ అన్నీ చూస్తూ పోయింది.

హసీనా మంచం మీద ప్రింటు పరిచింది. ఈసారి విడమరచి చెప్పాల్సిన అవసరం రాలేదు. హసీనా వంగి చూసింది. వేలితో ఒక పువ్వు చుట్టూ రాసింది. తర్వాత ఇంకో పువ్వు చుట్టూ.

"ఇది మన బిళ్ళేనా బేటీ?"

"మీదే ఖాలా."

"ఇన్నేండ్లు దీని నోట్లోంచి సేమ్యాలు తీసినా. పూలుండాయని ఎవురూ సెప్పల్యా." మళ్ళీ పువ్వు మీద వేలు పెట్టింది. "మా అత్త మాత్రం ఒకటే మాట అనేది. పని కాగానే నీళ్ళల్లో ఎయ్యి, సూది గాని మేకు గాని పెట్టి పొడవాకు అనేది. యాల అంటే తెల్దు. వాళ్ళత్త సెప్పిందంట."

ఎందుకో తెలియకుండానే ఒకరి నుంచి ఒకరికి ఆ మాట ఎంత భద్రంగా నడిచి వచ్చిందో ముస్రత్ తలుచుకుంది. హసీనా మళ్ళీ నెమ్మదిగా చెప్పింది. మూడేళ్ళ కిందట పండగకు ముందు, సేమ్యాలు ఒత్తిన సాయంత్రమే తనకు విషజ్వరం వచ్చింది. మంచం దిగడానికి నెల పట్టింది. మిషన్‌ను అలాగే గుడ్డలో చుట్టి అటక మీద పెట్టారు. తర్వాత ఏడు దించి పైపైన తోమితే తళతళలాడింది. లోపల ఏముందో ఎవరు చూస్తారు?

మర్నాడు పొద్దున బిళ్ళను గోరువెచ్చటి నీళ్ళలో వేశారు. ముస్రత్ ఆ రోజుకు ఒప్పుకున్న ఫోటోల పని మరొకరికి అప్పగించి అక్కడే ఉండిపోయింది. నీళ్ళు చల్లారినప్పుడల్లా మార్చారు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నీళ్ళ మీద తెల్లటి తెట్టు తేలింది. సమీర్ సూది తెచ్చాడు. హసీనా అతని చేతిలోంచి సూదిని తీసి పక్కన పెట్టి, కొత్త పొరక నుంచి సన్నటి పుల్లలు విరిచింది.

ఆ పని చూస్తే ముస్రత్‌కు కళ్ళు తిప్పుకోవాలనిపించలేదు. హసీనా కళ్ళు బిళ్ళ వైపు చూడనే లేదు. గోడ వైపు చూస్తూ, బొటనవేలితో చిల్లును తడిమి, పుల్ల మొనను రేకులోకి పోనిచ్చి, ఒక్కసారి తిప్పి లాగేది. వణికే వేళ్ళే అవి. పుల్ల పట్టుకున్నప్పుడు మాత్రం వణకలేదు. ఒక వరస కాగానే బిళ్ళను ముస్రత్ చేతికిచ్చేది. ముస్రత్ లెన్సు కింద పెట్టి చూసేది.

"కుడిపక్క చివర్ది ఒకటి ఉండాది ఖాలా. పై రేకులో."

"ఇట్ల తే."

ఒకరి వేళ్ళు, ఒకరి కన్ను. మధ్యలో మాటలు పెద్దగా లేవు. వీధి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చున్నారు. కెమెరాలోకి కన్ను పెట్టి చూసిన ప్రతి మనిషీ లేచి, బిళ్ళను మామూలు కంటితో ఒకసారి చూసి, మళ్ళీ వంగి కెమెరాలోకి చూసేది. ఈరమ్మ అనే పక్కింటామె చెంపలేసుకుంది. ఎవరూ నవ్వలేదు.

సాయంత్రం అసర్ నమాజు వేళకు బిళ్ళ తేటపడింది. పిండి కలిపి ఉంచిన గిన్నె మీద తడిగుడ్డ తీశారు. మంచం పట్టెకు మిషన్ బిగించి సమీర్ పిడి పట్టుకున్నాడు.

"మెల్లగా తిప్పు. తొందర పడితే తెగుతాది," అంది హసీనా.

పిడి కిర్రుమంటూ తిరిగింది. బిళ్ళ మొహం మీద ముందు తెల్లటి చుక్కలు తేలాయి. చుక్కలు పోగులయ్యాయి. పోగులన్నీ ఒకేసారి కిందికి జారుతూ వచ్చాయి. హసీనా రెండు చేతులూ చాపి వాటిని అందుకుంది. ముస్రత్ ఒక పోగును నల్ల గుడ్డ మీద పరిచి లెన్సు తిప్పింది. పోగు పొడుగునా అయిదు సన్నని గట్లు, వాటి మధ్య అయిదు కాలువలు, ఎక్కడా తెగకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి. ఎడమచేతి మనిషి కొట్టిన ఒక్క దెబ్బ ఆ పోగు పొడుగునా సాగుతూనే ఉంది. రంజాన్‌లో ఎన్ని ఇళ్ళలో, ఎన్ని తరాల గిన్నెల్లో ఈ గట్లు పాలలో మునిగి ఉంటాయో అనుకుంది.

తీగల మీద వేసిన సేమ్యాలు మర్నాటి ఎండకు ఆరాయి. హసీనా ఒక గుప్పెడు తీసి చేతిలో వదులుగా ఆడించింది. పోగుకు పోగు విడిపోయి గలగలలాడాయి. ఆమె వాటిని పళ్ళెంలోకి వదిలి, ఖాళీ అరచేతులను తిప్పి తిప్పి చూసుకుంది.

"సేతులు కాదన్నమాట," అంది.

"సేతులు కాదు ఖాలా," అంది ముస్రత్.

హసీనా కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఇంకో విడత పిండి తడపమని కోడలికి చెప్పింది.

ఆ ఏడు ఉపవాసాలు మొదలయ్యేలోపు వీధి వీధంతా మళ్ళీ గిన్నెలతో వచ్చింది. మిషన్ ఎక్కడ తయారైందో కనుక్కోవాలని ముస్రత్ చాలామందిని అడిగింది. హసీనా అత్తగారి పుట్టింటి నుంచి వచ్చిందన్నారు. వాళ్ళకు బళ్ళారి వైపు నుంచి వచ్చిందన్నారు. అక్కడితో ఆగిపోయింది. మిషన్ ఒంటి మీద పేరు గాని గుర్తు గాని ఏమీ లేదు. ఆమె దగ్గరగా తీసి వెతికింది. పూలు తప్ప ఏమీ కనిపించలేదు.

హుమేరా పెళ్ళి ఆల్బమ్ పని మిగిలి ఉంది. గడ్డం కింద పుట్టుమచ్చ దగ్గరికి వచ్చేసరికి ముస్రత్ చేయి ఆగింది. దాన్ని అలాగే వదిలేసింది. ఆల్బమ్ చూసి హుమేరా తల్లి ఏమైనా అంటుందేమోనని ఎదురు చూసింది. ఆమె ఆ పేజీ మీదే ఎక్కువసేపు ఉంది గానీ ఏమీ అనలేదు. తర్వాత పెళ్ళిళ్ళలో కొందరు ఒప్పుకున్నారు, కొందరు మచ్చ తీయాల్సిందేనన్నారు. తీయమన్నవాళ్ళకు తీసిచ్చింది.

పండగకు ముందు రోజు సమీర్ ఒక పెద్ద పొట్లం తెచ్చిచ్చాడు. పండగ పొద్దున ముస్రత్ నెయ్యిలో సేమ్యాలు దోరగా వేయించి, ఖర్జూరాలు, చారపప్పు వేసి షీర్ ఖుర్మా కాచింది. ఈద్గా నుంచి వచ్చిన అబ్బాస్ అలీ కొత్త చొక్కా మీద చిందకుండా తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. చెంచాతో ఒక పోగును పైకెత్తి కిటికీ వెలుతురుకు అడ్డంగా పెట్టబోయాడు. చేయి వణికి అది పాలలోకి జారిపోయింది. మళ్ళీ ఎత్తాడు.

ముస్రత్ ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఉత్త కంటికి అగుపడదు. తినండి, సల్లారిపోతాంది."

"అగుపడతాదేమో అని," అన్నాడాయన. చెంచా నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నెమ్మదిగా నమిలాడు. తర్వాత గిన్నె ముందుకు జరిపి ఇంకొంచెం పెట్టమన్నాడు.